ఆడుట, ఆడించుట : పాత్రధారణ క్రీడలయందలి కర్తృత్వమును గూర్చి

'ఏజెన్సీ' అను ఆంగ్లపదమునకు మన శాస్త్రవ్యవహారమున ఇంకను స్థిరమైన తెలుగు ఏర్పడలేదు. సామాన్యుడగు ఆంధ్రునకు ఏజెన్సీ యన్నచో విశాఖ, గోదావరి ప్రాంతముల మన్యపు భూములు స్ఫురించును. పట్టణవాసికి వంటగ్యాసు సరఫరా చేయు దుకాణము స్ఫురించును. సాహిత్య విమర్శకులును, సమాజ శాస్త్రజ్ఞులును ఈ మాటను వేరొక అర్థమున వాడుచున్నారు. ఒక వ్యక్తి తాను చేయు పనికి తానే మూలమై యుండుట వారి తాత్పర్యము. దీనిని కొందరు 'స్వేచ్ఛ' యనిరి, కొందరు 'చొరవ' యనిరి. ఈ రెండును చాలవనియు, మన వ్యాకరణ తర్కములలో చిరకాలముగ నున్న 'కర్తృత్వము' అను మాటయే ఇందులకు తగినదనియు నా అభిప్రాయము. ఈ అభిప్రాయమునకు నన్ను కొనిపోయినది శాస్త్రగ్రంథము కాదు, ఒక ఆట.

రాయపూరులో ఒక మిత్రుని యింట నేనీ ఆటను మొదట చూచితిని. బల్ల చుట్టును అయిదుగురు యువతీయువకులు కూర్చుండిరి. ఇద్దరు తెలుగువారు, తక్కినవారు ఛత్తీస్‌గఢీయులు. ఒకడు అట్టముక్కను అడ్డముగ నిలిపికొని దాని వెనుక తన కాగితములను దాచుకొనెను. మిగిలిన నలువురి యెదుట తమ తమ పాత్రల గుణములును, బలములును వ్రాసియున్న పత్రములు, వింత యాకారముగల పాచికలు ఉండెను. అట్టముక్క వెనుకనున్నవాడు ఒక ఊరిని వర్ణించెను. వానకాలము దగ్గరపడినది, ఊరి చెరువునకు గండిపడినది, ఉత్తరమున పాడుపడిన కోటలో దొంగలున్నారు, పడమటి బాటను పోయిన వర్తకులు తిరిగి వచ్చుట లేదు. ఇంత చెప్పి, "మీరేమి చేసెదరు?" అని యడిగి ఊరకుండెను. మూడు భాషలలో పెద్ద చర్చ జరిగినది. ముగ్గురు కోటకు పోదమనిరి. నాలుగవదియగు బాలిక, చెరువు నిండనిచో ఈ యూరు మనకు ఒక్క పూటయైనను అన్నము పెట్టజాలదు, ముందు గండి పూడ్చవలెననెను. చివరకు ఆమె మాటయే నెగ్గినది. కోటను గూర్చి యాతడు వ్రాసికొన్న కాగితములు నాలుగైదైన నుండును. వానిని ప్రక్కకు నెట్టి, "పలుగులెన్ని దొరకినవి?" అని యడిగి పాచికలు చేతికిచ్చెను. ఆ రాత్రి ఆట యంతయు చెరువుకట్ట మీదనే జరిగినది. వారు మట్టి మోయుచున్న దినములలో కోటలోని దొంగలు ఊరక కూర్చుండలేదు. పడమటి బాటమీద మరియొక బండి దోపిడి జరిగినట్లు వార్త వచ్చినది. అది కథకుని కోపము కాదు. ఆ లోకమున కాలము నడచుచున్నదనుటకు గుర్తు.

ఈ విధమైన ఆటల చరిత్రను పాఠకులకు క్లుప్తముగ చెప్పవలసియున్నది. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్విట్జు 'క్రీగ్‌ష్పీల్' అను యుద్ధక్రీడను ప్రకటించెను. అందు ఇరుపక్షముల నడుమ ఒక తీర్పరి యుండును. 1876లో వెర్దీ దు వెర్న్వా అను మరియొక సేనాని, పట్టికలు తగ్గించి తీర్పరి వివేకమునకే ఎక్కువ చోటిచ్చెను. పుస్తకమున లేని ఎత్తును ఆటగాడు వేయదలచినచో 'నియమము లేదు' అని త్రోసివేయక, అది ఫలించునో లేదో తీర్పరి నిర్ణయించును. తీర్పరి యుండుట చేతనే ఆటగాడు దేనినైనను ప్రయత్నింపవచ్చును. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిన 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' ఈ తీర్పరిని సేనల నడుమనుండి తెచ్చి ఒక్కొక్క పాత్రను ధరించిన ఆటగాండ్ర నడుమ కూర్చుండబెట్టినది. ప్రష్యా క్రీడలకు పూర్వమగు ఆటలలో చతురంగపు మార్పులున్న మాట నిజమే. అంతమాత్రమున ఇదియంతయు మన సొత్తేయని చంకలు కొట్టుకొనుట నాకు సమ్మతము కాదు.

ఇందు రెండు పద్ధతులు వేరుపడినవి. గైగాక్స్ 1979లో రచించిన 'కీప్ ఆన్ ది బార్డర్‌లాండ్స్' ఒక దుర్గమును, దాని చుట్టును అడవిని, గుహలను ఇచ్చి, ఎటు పోవలెనో ఆటగాండ్రకే విడిచినది. 1984 మొదలు వెలువడిన 'డ్రాగన్‌లాన్స్' వరుసలో కథ ముందే యున్నది. ముఖ్యపాత్రలు నడుమ మరణించినచో కథ చెడునుగాన, వారి మరణమును సందిగ్ధముగ నుంచి మరల తీసికొనివచ్చు ఉపాయము కూడ సూచింపబడినది. మొదటి పద్ధతిని ఆంగ్లమున పిల్లలాడుకొను ఇసుకతొట్టెతోను, రెండవదానిని రైలుపట్టాలతోను పోల్చుచున్నారు. మనకు ఇసుకతొట్టెలు లేవు. ఏటియొడ్డున తడియిసుకలో పాదము దూర్చి పిచ్చికగూడు కట్టని తెలుగు బిడ్డయు లేడు. కావున మొదటి దానిని ఇసుకతిన్నె పద్ధతి యనవచ్చును. రైలుపట్టాల విషయమున కొత్తమాట యక్కరలేదు. విజయనగరమునుండి రాయపూరునకు రైలులో వచ్చువాడు దారిలో ఎన్ని కొండలు చూచినను ఏ కొండయొద్దను బండిని ప్రక్కకు త్రిప్పలేడు.

ఇక అసలు విచారము. హిందీ మాతృభాషగాగల విద్యార్థులకు నేను ప్రేరణక్రియలను బోధించునపుడు వారు నాచ్‌నా, నచానా, నచ్‌వానా అని మూడు మెట్లు చూపుదురు. మనకు ఆడు, ఆడించు అని రెండే. కాని మన 'ఆడు' ధాతువు మిక్కిలి విశాలమైనది: ఆటయాడుట, నాట్యమాడుట, మాటలాడుట, ఊయెల యాడుట అన్నియు దానిలోనివే. పై క్రీడలో అట్టముక్క వెనుకనున్న వానికి 'ఆడించువాడు' అను పేరు సరిగ సరిపోవును. (రెండవ పక్షమువారిని 'ఆడువారు' అనుటకు వీలులేదు, ఆ మాటను స్త్రీలు ముందే గ్రహించిరి. అందుచేత ఆటగాండ్రనియే యనుచున్నాను.) అయితే ఆడించుట రెండు విధములు. తోలుబొమ్మలవాడు బొమ్మను ఆడించును. నాటకకర్త నటులచేత నాటకము నాడించును. మొదటిదానియందు ద్వితీయ, రెండవదానియందు 'చేత'. ఈ విభక్తిభేదము సకర్మక అకర్మక భేదమువలన వచ్చినదని వైయాకరణులు నన్ను వెంటనే ఆక్షేపింతురు. ఆ యాక్షేపణ న్యాయమే. బిడ్డను ఆడించునపుడు ద్వితీయయే వచ్చును, బిడ్డ బొమ్మ కాదు. నేను విభక్తిని ప్రమాణముగ గాక గుర్తుగ మాత్రమే తీసికొనుచున్నాను. 'బొమ్మను' అనుటకును 'నటునిచేత' అనుటకును నడుమ నున్న అంతరమే మనకు కావలసినది.

ఈ యంతరమును పాణినీయులు ఎంత సూక్ష్మముగ చూచిరో గమనింపుడు. అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదమున 54వ సూత్రము కర్తను స్వతంత్రునిగ నిర్వచించినది. తరువాతి సూత్రము ఆ కర్తను ప్రేరేపించువానికి హేతువనియు, కర్తయనియు రెండు సంజ్ఞల నిచ్చినది. ఇచట కాత్యాయనునకు సందేహము కలిగినది. ఒకడు చేయించగా మరియొకడు చేయునపుడు, ఆ చేయువాడు పరతంత్రుడే కదా, వానిని కర్తయని యెట్లనవచ్చును? సమాధానమును వార్తికకారుడే చెప్పెను. వాడును స్వతంత్రుడే, కానిచో వాడు పని చేయకున్నను 'చేయించుచున్నాడు' అను ప్రయోగము పొసగవలసివచ్చును. అనగా, ప్రేరణ యున్నంతమాత్రమున కర్తృత్వము పోదు. ప్రేరేపింపబడినవాడు చేయకుండుట సాధ్యమైయుండవలెను. చేయకున్నచో ఆ పని జరుగకుండవలెను. ఆజ్ఞకును, ఈడ్చుకొనిపోవుటకును భేదమిదియే.

పాత్రధారణ క్రీడలవారు ఎన్నో యేండ్లుగ తమలో తాము చర్చించుకొను ఒక చిక్కు ఈ వార్తికమునకు ఉదాహరణవలె నున్నది. అడవిలో దారి రెండుగ చీలినది. కుడిదారి పట్టినను ఎడమదారి పట్టినను ఒకే రాక్షసుడు ఎదురగునట్లు ఆడించువాడు ముందే నిశ్చయించుకొన్నాడు. ఆటగాండ్రకు ఈ సంగతి తెలియదు. వారు చర్చించి, తర్కించి, ఎడమదారి పట్టిరి. రాక్షసు డెదురయ్యెను. వారికి స్వేచ్ఛ యున్నదా? ఉన్నట్లే తోచినది, ఎవడును వారి నోరు నొక్కలేదు, చేయి పట్టి లాగలేదు. 'స్వేచ్ఛ' యను మాటనే కొలబద్దగ గ్రహించినచో ఇందు లోపమేమియు కనబడదు. కర్తృత్వమును కొలబద్దగ గ్రహింపుడు. వారు ఏది చేసినను, చేయకున్నను రాక్షసుడు వచ్చియే తీరును. చేయకున్నను చేయించుచున్నాడను వికృత ప్రయోగమిచట యథార్థమైనది. కావున కర్త యొక్కడే, అట్ట వెనుకనున్నవాడు. ఈ కారణముచేతనే స్వేచ్ఛ, చొరవ అను అనువాదములు చాలవంటిని. ఆ మాటలు మనస్సును చెప్పును. మనస్సునకును ఫలమునకును గల లంకెను చెప్పవు.

సభాపర్వమున ద్రౌపది వేసిన ప్రశ్న యిటువంటిదే కదా. తన్ను తాను ముందే యోడిన ధర్మరాజునకు పిమ్మట పణమొడ్డు అధికార మెక్కడిదని యామె యడిగినది. పాచికలు మోసమైనవా కావా యని యామె యడుగలేదు. ఆడినవాడు ఆ క్షణమున కర్తయేనా యని యడిగినది. భీష్మునంతటివాడు సరియైన యుత్తరము చెప్పలేకపోయెను.

పాచికలను గూర్చి యొకమాట. అదృష్టము కర్తృత్వమునకు శత్రువని కొందరి తలపు. వైకుంఠపాళిలో అది నిజము: పడిన సంఖ్యనుబట్టి కాయ నడచును, పాము మ్రింగును, నిచ్చెన యెక్కించును, మన పని చేయి కదపుట వరకే. అష్టాచెమ్మలో గవ్వలు సంఖ్యనిచ్చును గాని ఏ కాయను నడపవలెనో మనమే తేల్చుకొందుము. పులిజూదమున గవ్వలే లేవు. చెరువుగండి యాటయందు పాచికలు నిర్ణయించినది గండి నిలుచునా యను విషయమును. గండి పూడ్చవలెనా యను విషయమును కాదు. ఈ రెండు ప్రశ్నలను వేరుగ నుంచినంతకాలము పాచికలవలన భయములేదు.

ఇసుకతిన్నె పద్ధతివారితోను నాకొక పేచీ యున్నది. ఎటు పోయినను పోవచ్చునని చెప్పి ఆటగాండ్రను ఏమియు తెలియని బయలులో విడుచుటయే గొప్ప స్వాతంత్ర్యమని వారిలో కొందరనుకొందురు. అన్నంభట్టు, ఆంధ్రుడని ప్రసిద్ధుడు, తన తర్కసంగ్రహ దీపికయందు కర్తృత్వమునకు మూడంగములను చెప్పినాడు: ఉపాదానమును గూర్చిన ప్రత్యక్షజ్ఞానము, చికీర్ష, కృతి. కుమ్మరి కుండకు కర్త యగుటకు మట్టిని ఎరిగినవాడై యుండవలెను. గుర్తులేని రెండు తలుపులలో ఒకదానిని తెరచుట ఎన్నిక కాదు, నాణెము నెగురవేయుటయే. ఆనాటి ఆటలో చెరువు, కోట, బాట అను మూడు సంగతులు ముందుగనే చెప్పబడినవి. వానకాలము దగ్గరపడినదని చెప్పబడినది. ఆ మాట చెప్పియుండనిచో ఆ బాలిక వాదమునకు ఆధారమే లేదు. మంచి ఆడించువాడు దారులను గాక వార్తలను, పుకారులను, పటములను పంచుటలో శ్రమపడును.

ఇదియంతయు విదేశపు వినోదమును గూర్చిన ముచ్చటయని తలచువారికి రాయపూరులోనే జరిగిన మరియొక సంగతిని జ్ఞాపకము చేయవలెను. ఈ పట్టణమున 1923లో జన్మించిన హబీబ్ తన్వీర్, ఛత్తీస్‌గఢ్ పల్లెల 'నాచా' నటులలో ఆరుగురను 1958లో ఢిల్లీకి తీసికొనిపోయి మృచ్ఛకటికపు హిందీ రూపమున ఆడించెను. మరుసటి యేడు మొనీకా మిశ్రాతో కలిసి 'నయా థియేటర్' స్థాపించెను. నాచా నటులకు వ్రాతప్రతి యుండదు. రాత్రి తెల్లవార్లు ఆడుదురు; కథాసూత్రము తెలియును, మాట ఆ క్షణమున పుట్టును; ప్రేక్షకుడు ఒక మాట విసరినచో దానికి బదులు చెప్పి మరల కథలోనికి వత్తురు. పల్లెలో సింహములవలె నున్న ఆ నటులు ఢిల్లీ రంగస్థలముమీద బిగిసిపోయిరి. కారణమును తన్వీరే పిమ్మట నిష్కపటముగ వ్రాసికొనెను. ఇచట నిలువుడు, అటు తిరుగుడు అని చలనములను ముందే నిర్ణయించి వారిపై మోపుట తన మొదటి తప్పు. వారి నోట వారి ఛత్తీస్‌గఢీని కాక హిందీని పలికించుట రెండవది. ఈ రెండును తెలిసివచ్చుటకు ఆయనకు ఏండ్లు పట్టినవి.

1973లో రాయపూరున జరిగిన నాచా శిబిరము ఆ మార్పునకు నిదర్శనము. నాచాలో వాడుకలోనున్న మూడు హాస్యకథలను కలిపి, నటులచేతనే మాటలు కల్పింపజేసి, 'గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్' అను నాటకమును సిద్ధపరచిరి. తన్వీరు సంధులు చూచెను, ఎన్నిక చేసెను, ఇది యుండవలెను ఇది పోవలెనని తేల్చెను. మాట మాత్రము నటులది. ఇచట ప్రేరకుడు తొలగిపోలేదు. తొలగిపోయియున్నచో నాచా మిగులును గాని ఆ నాటకము పుట్టదు. ఆయన 'నటులను' ఆడించుట మాని 'నటులచేత' ఆడించుట నేర్చుకొనెను, అంతే. ఠాకూర్ రామ్, మదన్ నిషాద్, లాలూ రామ్, ఫిదా బాయి, గోవింద్ రామ్ నిర్మల్కర్ మొదలైనవారి ప్రతిభ దేశమునకు తెలిసినది ఈ మార్పు తరువాతనే.

1975 నాటి 'చరణ్‌దాస్ చోర్' కథ సయితము ఈ విచారమునకు దగ్గరిదే. విజయదాన్ దేథా రాజస్థానీ కథ దానికి మూలము. దొంగ యొకడు గురువునెదుట పరిహాసముగ నాలుగు ప్రతిజ్ఞలు చేయును: బంగారు పళ్లెములో తినను, ఏనుగునెక్కి ఊరేగను, రాణిని పెండ్లాడను, రాజ్యమేలను. తన వంటివానికి ఇవి రావుకదా యను ధీమా. అబద్ధమాడనను అయిదవ ప్రతిజ్ఞను గురువు చేయించును. పిమ్మట లోకము ఒక్కొక్కటిగ ఆ నాలుగింటిని తెచ్చి వాని ముంగిట నిలుపును. వాడు మాట తప్పక ప్రాణము కోల్పోవును. అయిదవది ఒకరు చేయించిన ప్రతిజ్ఞయే. అయినను దానిని నిలుపుకొన్నవాడు చరణ్‌దాసే.

మన యవధానమును ఈ దృష్టితో చూచినవారు నాకు కనబడలేదు. సమస్యలో చివరిపాదము నిశ్చితము, దారి కవిది. దత్తపదిలో పదములు నిశ్చితములు, వానిని కూర్చుట కవిది. నిషేధాక్షరి వీనికి భిన్నము. ఒక యక్షరము వేయగానే ఏది రానున్నదో పృచ్ఛకుడు ఊహించి దానిని నిషేధించును, అవధాని దారి మార్చును, మరల నిషేధము. పద్యము ఎచట తేలునో ఆరంభమున ఇరువురికిని తెలియదు. ఆ పద్యమునకు అవధాని కర్త యనుటలో సందేహము లేదు. పృచ్ఛకుని నిషేధములు లేనిచో ఆ పద్యము ఆ రూపమున నుండదనుటయు అంతే సత్యము. తిరుపతి వేంకటకవుల కాలమునుండియు మనవారు పూరణములను భద్రపరచినంత శ్రద్ధగ నిషేధములను భద్రపరచలేదు. ఫలముగ మన చేతికి వచ్చినది నిషేధాక్షరి కాదు, ఒక కందపద్యము.

ఈ నేరమున నాకును భాగమున్నది. చాల యేండ్ల క్రిందట ఒక పగటివేషగాని ప్రదర్శనమును వ్రాసికొని ప్రకటించునపుడు, నడుమ నడుమ ఊరివారు వేసిన ప్రశ్నలను, ఆక్షేపణలను, ఒక ముదుసలి చేసిన పరిహాసమును 'అప్రస్తుతము' లని కొట్టివేసితిని. శుద్ధపాఠము చేయుచున్నానని నా నమ్మకము. అచ్చయిన దానిని చదివి వినిపించినపుడు ఆ వేషగాడు, "ఇది నేను చెప్పినదే గాని, ఎందుకు చెప్పితినో ఇందులో లేదండీ" యనెను. అప్పుడు నేను దానిని నిరక్షరాస్యుని అమాయకత్వముగ భావించితిని. ఆ ముదుసలి మాట ఇప్పుడు నాకు జ్ఞప్తికి రాదు. ఆ వేషగాడును లేడు.

తాళపత్రములను పరిష్కరించుటకు మనము నేర్చిన పద్ధతులు వ్రాతప్రతికి చక్కగ నప్పును. అందు పాఠాంతరములు లేఖకుల దోషములు కావచ్చును. ఆటలో పాఠాంతరము దోషము కాదు, ఎన్నిక. ఏ మాటకు బదులుగ ఏ మాట వచ్చెనో, ఎవడు ఏది కాదన్నాడో, ఎచట దారి చీలినదో గుర్తింపని సంగ్రహము ఆటగాని కర్తృత్వమును అపహరించి సంపాదకుని పేర వ్రాయును. ధ్వనిముద్రణ, దృశ్యముద్రణ సాధనములు ప్రతి విద్యార్థి జేబులోను ఉన్న ఈ కాలమున దీనికి ధనము లేదను సాకు చెల్లదు. విభాగములు జానపద ప్రదర్శనములను సేకరించునపుడు ప్రేక్షకుల మాటలను, నటుల నడిమి సంప్రదింపులను, విడిచివేయబడిన మార్గములను మూలపాఠముతోపాటు ఎక్కింపవలెననియు, ముఖపత్రముమీద సంపాదకుని పేరునకు ముందు ఆడినవారి పేర్లుండవలెననియు నా సూచన. అవధాన సంచికలవారు చేయదగిన పని ఇంకను చిన్నది. నిషేధాక్షరి పద్యపు ప్రతి యక్షరము క్రిందను పృచ్ఛకుడు నిషేధించిన యక్షరమును చిన్న యచ్చులో వేసిన చాలును. కొందరు ఇప్పటికే అట్లు వేయుచున్నారు.